ఐబు ముందు, ధర తరువాత

తార్నాక చౌరస్తా నుంచి యూనివర్సిటీ వైపు తిరిగే మలుపులో, కరెంటు స్తంభానికి కట్టిన శ్రద్ధాంజలి ఫ్లెక్సీ మీద మొన్న అతన్ని చూశాను. మనిషిని చూసి పన్నెండేళ్లు దాటి ఉంటుంది. జుట్టు పలచబడింది, బుగ్గలు నిండాయి. కళ్లు మాత్రం అవే. ఎదుట ఏ వస్తువు పెట్టినా పగులెక్కడుందో వెతికే కళ్లు. కుడిచెయ్యి కనబడకుండా పక్కకు తిరిగి ఫోటో దిగాడు.

ఆటో ఆపించి దిగాను. గుండె ఆగి పోయాడని, అంబర్‌పేట్‌లో పాత ఫ్రిజ్‌ల కొట్టు నడిపేవాడని స్తంభం పక్కన పాన్‌డబ్బా అతను చెప్పాడు. మాల్ మంచిదే ఇచ్చేవాడట, నోరే కొంచెం చెడ్డదట. ఫ్లెక్సీలో పేరున్న చోట ఎవరో ట్యూషన్ల కాగితం అంటించారు. మా ఆవిడ ఆటోలోంచే మెడ చాచి చూసి, "మన బండి కొన్న అబ్బాయి కదండీ. పేరేమిటి చెప్మా" అంది. గుర్తు లేదన్నాను.

గుర్తు లేకపోవడమేం. ఆ పేరు ఒకే ఒక్కసారి, చెప్పకూడని చోట, నా నోటి నుంచి బయటకు వచ్చింది. దానికి అతని కుడిచెయ్యి పోయింది. అందుకని ఇక్కడ కూడా రాయను.

ఉద్యమం రోజులవి. మాది తెనాలి పక్క ఊరు. తార్నాకలో ఒక పరిశోధనశాలలో టెక్నీషియన్‌గా చేరి అప్పటికి పదిహేనేళ్లయింది. పాత సామాన్లు ఇంటర్నెట్‌లో పెట్టి అమ్ముకోవడం అప్పుడప్పుడే మొదలైంది. మా ల్యాబ్‌లో మధ్యాహ్నం భోజనాలయ్యాక కంప్యూటరు ముందు కూర్చుని ఆ ప్రకటనలు చదవడం నాకొక కాలక్షేపం. అన్నీ ఒకటే పాట. కొత్తదానిలా ఉంది, అసలు వాడలేదు, ఒక్క గీత కూడా లేదు. అవి చదివితే ఈ ఊళ్లో ఎవరూ కొన్న వస్తువు వాడరేమో అనిపించేది. వాటి మధ్యలో ఒకరోజు, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసిన ఒక ప్రకటన కనిపించింది.

"టేబుల్ ఫ్యాను. ఐబులు: మూడో నంబరు మీద తిరగదు. తల ఎడమ దిక్కు తిరిగితే ఆడనే ఆగుతది, మీరే కుడికి తిప్పుకోవాలె. చప్పుడు చేస్తది. గాలి మంచిగ వస్తది. వచ్చి కొట్టి చూసుకోండ్రి."

ధర లేదు. ఐబు అంటే లోపమని, ఇక్కడే పుట్టి పెరిగిన నా సహోద్యోగి చెప్పాడు. మూడో నంబరుతో నాకు పనేముంది, వెళ్దామనుకున్నాను.

యూనివర్సిటీ హాస్టల్లో రెండో అంతస్తు. గదిలో మనిషి పడుకునే చోటు తప్ప మిగిలినదంతా ఎవరెవరి ఇళ్లలోనో మూలనపడ్డ సరుకే. రెండు కూలర్లు, తీగలు లేని గిటారు, మూత లేని మిక్సీ, ఒక కుట్టు మిషను. వాటి మధ్య గ్రూప్స్ పరీక్షల పుస్తకాలు తలెత్తు పేర్చి ఉన్నాయి. బక్కపల్చటి మనిషి, పాతికేళ్లుంటాయి. కుడిచేతి మెటికల నిండా పాత గాయాల మచ్చలు. నేను కూర్చోకముందే పిడికిలి బిగించి ఫ్యాను నెత్తిన ఒక్క గుద్దు గుద్దాడు. ఫ్యాను ఊగి, తిరుగుతూనే ఉంది.

"దెబ్బ తినకముందు అన్నీ మంచియే సార్" అన్నాడు. "దెబ్బ తిన్నంక తెలుస్తది, ఏది సామానో, ఏది తుక్కో."

తరువాత చూశాను, అది అతని పద్ధతి. కొన్నా, అమ్మినా ముందు వస్తువును కొట్టేవాడు. ఫ్రిజ్ అయితే తన్నేవాడు. సోఫా అయితే ఎగిరి మోకాళ్లతో పడేవాడు. ఫోన్లో ఎవరైనా "లాస్ట్ ఎంత" అని అడిగారో, వాళ్ల పని అయిపోయినట్టే. "లాస్ట్ అంటే సచ్చినప్పుడు. ఇప్పుడు మాట్లాడు" అని గదిమేవాడు. ఒకసారి ఎవరో టీవీ చూడ్డానికి వచ్చి, ఇది దొంగసొత్తు కాదు కదా అన్నాడట. ఆ టీవీని రెండు చేతులా ఎత్తి కిటికీలోంచి కిందికి విసిరేశాడు. కింద నడుస్తున్నవాళ్లు చావలేదంటే అది వాళ్ల అదృష్టం. ముక్కముక్కలైన గాజు చూపించి, ఇప్పుడు దొంగసొత్తు లేదు, పొమ్మన్నాడట. నెలరోజుల మెస్ బిల్లు అలా పగిలిపోయిందని స్నేహితులు తిడుతుంటే నవ్వాడట.

ఆ రోజు ఫ్యానుకు ఎనిమిది వందలన్నాడు. నేను సరేనని జేబులో చెయ్యి పెట్టాను.

అతని మొహం ఎర్రబడింది. ఫ్యాను వైరు గోడలోంచి ఫట్టున లాగేశాడు. "ఏంది సార్, మొదటి మాటకే సరే అంటరు? మొదటి మాటకు ఇచ్చేటోనికి సామాన్ ఇలువ తెల్వదు. మొదటి మాటకు తీసుకునేటోనికి పైసల ఇలువ తెల్వదు. అసొంటోనికి నేను అమ్మను. పోండ్రి."

నాకూ తక్కువ కోపం లేదు. డబ్బులిస్తానంటే తిడతావేమయ్యా అని నేను గొంతు పెంచాను. మేమిద్దరం అరుచుకుంటుండగానే బయట పటపటమని మోత వినిపించింది. పోలీసులు ఆర్ట్స్ కాలేజీ వైపు నుంచి తరుముకొస్తున్నారు. ఒక బాష్పవాయువు గుండు వచ్చి హాస్టల్ మెట్ల దగ్గర పడింది. తెల్లటి పొగ వరండాలోంచి గదిలోకి వచ్చేసరికి నా కళ్లూ ముక్కూ ఏకమయ్యాయి. అతను తలుపు మూసి, బకెట్లో తువ్వాలు ముంచి నా మొహాన కొట్టాడు. రెండో తువ్వాలు తన మూతికి కట్టుకున్నాడు. కింద లాఠీ దెబ్బలు, ఎవరో ఒకడు అమ్మా అని అరవడం వినబడుతూనే ఉంది. తువ్వాలు వెనక నుంచి అతని గొంతు వచ్చింది.

"ఎనిమిది వందలన్న. మీరేమంటరు?"

దగ్గుతూ ఐదొందలన్నాను. మంచిగున్నది, ఇప్పుడు మాట్లాడుదామన్నాడు. పొగ దిగేలోగా ఆరొందల యాభైకి తెగింది. నన్ను వెనక గోడ దూకించి తార్నాక దారి పట్టించి, తను మాత్రం రాళ్లు పడుతున్న వైపే పరుగెత్తాడు.

ఆ తరువాత పాత వస్తువు ఏది కావాలన్నా అతని దగ్గరికే పోయేవాణ్ని. సార్, సార్ అంటూనే నాతో పోట్లాడేవాడు. మా ఆవిడను అక్కా అనేవాడు. మా ఇంట్లో గోంగూర పచ్చడి తిని, కారం ఎక్కువైందని ఐబు చెప్పి, మళ్లీ వడ్డించుకునేవాడు. తెలంగాణ వస్తే ఏం చేస్తావని అడిగితే నౌకరి చేస్తానన్నాడు. ఆ నౌకరి కోసమే పుస్తకాలు. ఒక్క భయం మాత్రం ఉండేది. పోలీసు కేసు పడితే సర్కారు కొలువు రాదు. అందుకని రాయి వేసేటప్పుడు కూడా మొహానికి గుడ్డ కట్టుకుంటానని, పేరు బయటకు రానీయకూడదని తనే చెప్పాడు. అంటే ఆ పేరు ఖరీదు నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే దారి లేదు నాకు.

ఆ ఏడాది బంద్‌లు ఎక్కువయ్యాయి. మా వీధిలో రెండు ఇళ్ల అద్దాలు పగిలాయి. ఎవరు కొట్టారో ఎవరికీ తెలియదు. మా బావమరిది విజయవాడ నుంచి రోజూ ఫోన్ చేసి వచ్చేయమనేవాడు. పై వాటా వాళ్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు. మా ఆవిడ అన్నం మానేసింది. అప్పుడు నేను ఒక ప్రకటన పెట్టాను. ఫ్రిజ్, మోటార్ సైకిల్, మంచాలు. చివర రాశాను: "ఊరు వదిలి వెళ్తున్నాం. అర్జెంటు. ఎంతకైనా ఇస్తాం." ఇంటి అడ్రసు కూడా ఇచ్చాను. పదిహేనేళ్లు కొలతలతో బతికినవాణ్ని, ఇంత తెలివితక్కువ పని ఎలా చేశానో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మర్నాడు పొద్దున్నే ట్రాలీ ఆటోలో నలుగురు వచ్చారు. ఏ ప్రాంతంవాళ్లో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. భయం ఎక్కడ చవగ్గా దొరుకుతుందో అక్కడికి వచ్చే బేరగాళ్లు. ఫ్రిజ్ తలుపు తీసి, వెయ్యి రూపాయలన్నారు. కుదరదన్నాను. "ఎట్లాగూ పోతున్నరు కద. ఎంతకైనా అని మీరే రాసిన్రు" అని ఒకడు వెయ్యి రూపాయలు నేల మీద పడేశాడు. ఇద్దరు ఫ్రిజ్ ఎత్తారు. అడ్డం వెళ్తే నాలుగోవాడు నా కాలర్ పట్టి గోడకు కొట్టాడు. తల వెనక దిమ్మెక్కింది. మా ఆవిడ కేకలు వేస్తోంది. పక్కిళ్ల కిటికీలు ఒక్కొక్కటీ మూసుకుంటున్నాయి.

అప్పుడతను మెట్లెక్కి వచ్చాడు. ప్రకటన చూసి బండి కోసం వచ్చాడు, చేతిలో హెల్మెట్ ఉంది. ఏమైందని ఒక్క మాట అడగలేదు. నా కాలర్ పట్టినవాడి మొహం మీద హెల్మెట్‌తో గుద్దాడు. ముక్కు విరిగిన చప్పుడు నేను విన్నాను. ఎండుకొబ్బరి చిప్ప విరిచినట్టు. ఫ్రిజ్ ఎత్తినవాళ్లు దాన్ని మెట్ల మీద వదిలేసి ఇద్దరూ అతని మీద పడ్డారు. ఒకడు కింద పడేసి కడుపులో తన్నాడు. ఇంకొకడు కుర్చీ ఎత్తి నెత్తిన వేశాడు. అతను కింద పడి కూడా ఒకడి చెయ్యి కొరికి పట్టాడు. వాడు అరుస్తుంటే, వదలకుండా పళ్ల సందులోంచి రక్తం కారుతుంటే, నాకు అతన్ని చూసి కూడా భయం వేసింది. చివరికి పక్కింటి తలుపులు తెరుచుకున్నాయి. నలుగురూ ముక్కు పట్టుకుని, చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కి పోయారు.

కనుబొమ చిట్లి అతని చొక్కా అంతా తడిసింది. మా ఆవిడ పసుపు అద్దుతుంటే మెట్ల మీద పడ్డ ఫ్రిజ్ వైపు చూసి, "దీనికో ఐబు వచ్చె" అన్నాడు. తరువాత నా వైపు తిరిగాడు. "ఎంతకైనా అని రాస్తరా సార్? అది సామాన్ అమ్మినట్టు కాదు. భయపడుతున్నమని బోర్డు పెట్టినట్టు."

ప్రాణాలు కాపాడినవాడు కదా, బండి ఎంతకు ఇమ్మంటే అంతకిచ్చేద్దామని అనుకున్నాను. అనుకోవడమే, అతను ఇవ్వనిస్తే కదా. నెత్తిన కట్టుతో గంటన్నర బేరమాడాడు. బండి ఐబులు నా చేతే చెప్పించాడు. రెండో గేరు పట్టేస్తుంది, సీటు కింద చిరిగింది, చలికాలం ఉదయం పది కిక్కులు కావాలి. ఒక్కొక్కదానికీ బండిని ఒక గుద్దు గుద్దాడు. "ఇంకేమన్న ఐబున్నదా సార్, చెప్పకుండ దాచింది?" అని రెండుసార్లు అడిగాడు. ఏమీ లేదన్నాను. న్యాయమైన ధరకే తీసుకున్నాడు, రూపాయి ఎక్కువ లేదు, తక్కువ లేదు. ఆర్‌సీ మీద పేరు మార్పించడం మాత్రం వచ్చే నెల చూసుకుందామనుకున్నాం. పాత బండ్లు కొనేవాళ్లంతా చేసే బద్ధకమే అది.

మేము ఊరు వదిలి పోలేదు. అతను కొట్లాడి నిలబెట్టిన ఫ్రిజ్‌ను వదిలి పోవడానికి మా ఆవిడకు మనసొప్పలేదు. ఆ సొట్టతోనే అది ఇంకో ఆరేళ్లు పనిచేసింది.

నెలన్నర తరువాత క్యాంపస్‌లో పెద్ద గొడవైంది. పోలీసు జీపు ఒకటి తగలబడింది. ఆ జీపు పక్కనే సగం కాలిన మోటార్ సైకిల్ దొరికింది. నంబరు చూస్తే యజమాని తార్నాకలో ఉండే నేను. సాయంత్రం టీ తాగుతుండగా ఇద్దరు వచ్చి నన్ను తీసుకుపోయారు.

స్టేషన్లో నా యాస విని అక్కడున్న పెద్దాయన మొదట పగలబడి నవ్వాడు. కోస్తావాడు తెలంగాణ కోసం జీపు తగలబెట్టాడా అని అందరినీ పిలిచి చూపించాడు. నేను కూడా నవ్వాను. అలాంటి చోట ఎందుకు నవ్వుతామో తెలియదు. ఆ నవ్వు మీదే కొట్టాడు. ఒక్క చెంపదెబ్బ. స్కూలు దాటాక నన్ను అలా కొట్టినవాళ్లు లేరు. చెవిలో ఈల మోగింది, నోట్లో ఉప్పగా తగిలింది. బండి ఎవడికమ్మావు అని అడిగాడు.

పేరు చెప్పాను.

పక్క గదిలో ఎవణ్నో కొడుతున్న చప్పుడు వినబడుతోంది. అది కూడా నా మీదికే వస్తుందనుకున్నాను. వాళ్లు ఇంకేమీ అడగలేదు. హాస్టల్ పేరు చెప్పాను. అంతస్తు చెప్పాను. గది నంబరు చెప్పాను. అన్నీ రాసుకుని నాకు టీ ఇప్పించి ఇంటికి పంపారు. చెంప మీద వేళ్ల గుర్తులు చూసి మా ఆవిడ ఏడిస్తే, నన్ను చితక్కొట్టారని చెప్పాను. రెండు రోజులు ల్యాబ్‌కు సెలవు పెట్టాను.

అతన్ని మూడు రోజులు ఉంచుకున్నారని తరువాత విన్నాను. జీపు దగ్గర ఇంకా ఎవరెవరున్నారో పేర్లు చెప్పమన్నారట. చెప్పకపోతే కుడిచెయ్యి బల్ల మీద పెట్టించి లాఠీ అంచుతో వేళ్ల మీద కొట్టారట. మూడోరోజు దాకా కొట్టినా తన పేరు తప్ప ఇంకో పేరు చెప్పలేదట. ఇదంతా అతని స్నేహితుడొకడు చౌరస్తాలో టీ తాగుతూ నాకే చెప్పాడు, అతని పేరు పోలీసులకు ఇచ్చింది నేనేనని తెలియక. ఆ పేరు ఎవడిచ్చాడో దొరికితే చంపేస్తామన్నాడు. నేను అతని టీకి డబ్బులిచ్చి వచ్చేశాను. చూడ్డానికి పోలేదు.

రెండు నెలలకు అతనే వచ్చాడు. ఆదివారం పొద్దున. కట్టు విప్పేశారు కానీ కుడిచేతి మూడు వేళ్లు లోపలికి ముడుచుకునే ఉన్నాయి. కేసు కోర్టులో ఉంది. బండి స్టేషన్ ఆవరణలో పడి ఉందని, తుక్కు కింద అమ్మాలన్నా ఆర్‌సీ నా పేరు మీద ఉంది కాబట్టి సంతకం కావాలని కాగితం తెచ్చాడు. మా ఆవిడ టీ ఇస్తే ఎడమచేత్తో తాగాడు, చొక్కా మీద ఒలికింది. ఆవిడ కళ్లొత్తుకుంటూ లోపలికి పోయింది.

అప్పుడు చెప్పాను, నేనే చెప్పానని.

"ఎర్కే సార్. రాసుకున్నది సదివి వినిపించిన్రు" అన్నాడు.

తిడితే బాగుండేది. లేచి కొడితే ఇంకా బాగుండేది. ఆ చెయ్యి ఇక ఎవరినీ కొట్టదని అప్పుడు తట్టింది. వైద్యానికీ లాయరుకూ ఎంత కావాలో చెప్పు, ఎంతైనా ఇస్తానన్నాను.

"మల్ల ఎంతైనా అంటున్నరు."

అతను కాగితం నా ముందుకు జరిపాడు. నేను సంతకం పెడుతుంటే, ఫ్రిజ్ సొట్ట వైపు చూస్తూ అడిగాడు.

"ఎన్ని దెబ్బలకు చెప్పిన్రు సార్?"

"ఒకటి."

"దేంతోని?"

"చేత్తో."

తల ఊపాడు. కొన్నవాడు వస్తువు గురించి వివరం తెలుసుకుంటున్నట్టే ఉంది.

"రూమ్ నంబర్?"

"అది వాళ్లడగలేదు" అన్నాను.

కాగితం ఎడమచేత్తో మడిచి జేబులో పెట్టుకున్నాడు. లేచాడు. గుమ్మం దగ్గర ఆగాడు.

"మొదటి మాటకే ఇచ్చేసిన్రు. కొసరు గూడ ఏసిన్రు. జర బేరమన్న ఆడకపోతిరి సార్."

ఫ్యాను రోజు అంత కోప్పడినవాడు ఆ మాట మామూలుగానే అని, మెట్లు దిగి వెళ్లిపోయాడు.